న్యాయమూర్తి ఫ్రీడ్‌మన్

పదవులను బట్టి మనిషిని కొలుచుట మాకు సమ్మతము కాదు. శామ్యూల్ ఫ్రీడ్‌మన్ 1908లో రష్యా సామ్రాజ్యమున యూదు కుటుంబములో జన్మించి, పసితనముననే కెనడాలోని విన్నిపెగ్ చేరి, 1933లో న్యాయవాదియు, 1952లో న్యాయమూర్తియు అయిరి. 1959 నుండి 1968 వరకు మానిటోబా విశ్వవిద్యాలయమునకు ఛాన్సలర్. ఆ విశ్వవిద్యాలయపు వైద్యకళాశాలలోనే యూదు విద్యార్థుల ప్రవేశమునకు 1944 వరకు పరిమితి ఉండెడిది!

అయినను ఆయన 1965 నాటి రైల్వే నివేదికనే మేము మిన్నగా తలచెదము. కొన్ని స్టేషన్లలో సిబ్బందిని మార్చక రైళ్లను ముందుకు నడుపు పద్ధతిని యాజమాన్యము తనంతట తాను ప్రవేశపెట్టరాదనియు, ముందుగా కార్మికులతో చర్చింపవలెననియు అందు స్పష్టముగా చెప్పిరి. ఆ స్టేషన్లనే నమ్ముకొని నకీనా, వేన్‌రైట్ వంటి చిన్న ఊళ్లు బ్రతుకుచుండెను. 1971లో వచ్చిన ప్రధాన న్యాయమూర్తి పదవి మాకు దాని తరువాతిదే.