డిజిటల్ కళల మైనర్: ముందు గీత, తర్వాతే సాఫ్ట్‌వేర్

2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్లను బెంబేలెత్తించింది. ‘జ’ కింద ‘ఞ’ వత్తు, దానికి దీర్ఘం, నడుమ కంటికి కనిపించని ఒక సంకేతం. ఈ వరస ఉన్న సందేశం వస్తే చాలు, మెసేజింగ్ యాప్ మూతపడేది. ఆపిల్ సంస్థ ఆ నెలలోనే ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిదిద్దింది. తప్పు అక్షరానిది కాదు. అక్షరాలను తెర మీద పేర్చే ప్రోగ్రాముకు ఆ వరసను ఏం చేయాలో తెలియలేదు.

లిపి తీరూ, కోడూ రెండూ తెలిసిన మనుషులు పట్టుకోవాల్సిన సమస్య ఇది. మన దగ్గర కోడ్ తెలిసినవారికి కొదవ లేదు, గీత తెలిసినవారూ ఉన్నారు. ఆ రెండూ ఒకే బుర్రలో కలవడమే అరుదు. ఇంటర్ దాటగానే ఒకరిది ఇంజినీరింగ్ దారి, ఇంకొకరిది ఫైన్ ఆర్ట్స్ దారి, మళ్లీ ఎదురుపడరు. వారిని కలపగల అవకాశం ఇప్పుడు విశ్వవిద్యాలయాలకు దక్కింది. దాని పేరు మైనర్, అంటే ప్రధాన సబ్జెక్టుతో (మేజర్) పాటు చదివే రెండో రంగం.

బీటెక్ విద్యార్థి మామూలు 160 క్రెడిట్లకు తోడు మరో 18 నుంచి 20 క్రెడిట్లు సంపాదిస్తే వేరే రంగంలో మైనర్ ఇవ్వవచ్చని అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) నిబంధనలు చెబుతున్నాయి. సాధారణ డిగ్రీలకు 2022లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) ఇచ్చిన చట్రంలో మూడేళ్ల చదువులోని 120 క్రెడిట్లలో 24 మైనర్‌వే. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కళాశాలల్లో 2023-24లో మేజర్, మైనర్ పద్ధతి మొదలైంది. అంటే డిజిటల్ కళలు, మీడియా డిజైన్ నేర్చుకోవడానికి బీకాం చదివే అమ్మాయి బీకాం వదులుకోనక్కర్లేదు.

అయితే ఆ ఇరవై చిల్లర క్రెడిట్లలో ఏం నేర్పుతారన్నదే అసలు విషయం. ఫోటోషాప్‌కు ఒక పేపరు, వీడియో ఎడిటింగ్‌కు ఒకటి, త్రీడీకి ఇంకొకటి అని పంచేస్తే అది హైదరాబాద్ అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో కొన్ని నెలల్లో దొరికే శిక్షణే అవుతుంది. దానికి విశ్వవిద్యాలయం ఎందుకు?

సాఫ్ట్‌వేర్ నేర్పరితనాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో హైదరాబాద్ కళ్లారా చూసింది. ‘లైఫ్ ఆఫ్ పై’ సినిమాలో పులికి ప్రాణం పోసిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థకు హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది. 2013 ఫిబ్రవరిలో ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసింది. అదే నెలలో ఆ సినిమా విజువల్ ఎఫెక్ట్స్‌కు ఆస్కార్ వచ్చింది. ప్రపంచంలోకెల్లా మేలైన పని చేసినవారికే ఉద్యోగ భద్రత దక్కలేదు. ఇక ఈ రంగంలోకి కొత్తగా వచ్చే కుర్రాళ్లకు ముందుగా అప్పగించేది ఎక్కువగా రోటో పని: ఫ్రేము ఫ్రేముకూ నటుడి అంచు గీసి వెనకటి దృశ్యం నుంచి వేరుచేయడం. ఇప్పుడు కృత్రిమ మేధ ముందుగా చేయి పెడుతున్నవాటిలో అదీ ఒకటి. ఇరవై ఏళ్ల విద్యార్థిని నాలుగేళ్లలో పాతబడే పనికి సిద్ధం చేయడం అన్యాయం.

పాతబడనిది చూపు. రాజమౌళి ‘ఈగ’ (2012) తీసినప్పుడు ఈగగా మారిన కథానాయకుడికి మాట లేదు, మనిషి ముఖం లేదు. కోపమైనా ప్రేమైనా ఆ చిన్న ఒంటి కదలికలోనే పలకాలి. ఆ చిక్కు విప్పడానికి ఏ మెనూలోనూ బటన్ ఉండదు. బొమ్మ గీసే చేయి, నటనను గమనించే కన్ను కావాలి. ఆ పనికి మకుట వీఎఫ్ఎక్స్ జాతీయ అవార్డు అందుకుంది.

కాబట్టి మొదటి సెమిస్టర్ కాగితం మీదే సాగాలి. చేతుల్ని, చెట్లను, బస్టాండులో నిలుచున్న మనుషులను గీయాలి. రెండో సెమిస్టర్ తెలుగు అక్షరానికి ఇవ్వాలి. ఇందులో పట్టుబట్టడానికి కారణం ఉంది. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరంలో పైన గుడిదీర్ఘం, కింద రెండు వత్తులు. ఇంగ్లిష్ కొలతలతో గీసిన బటన్‌లో అది ఇమడదు. పై వరుస వత్తు కింది వరుస గుడిని తగులుతుంది, లేదంటే సగం తెగి కనిపిస్తుంది. బ్యాంకు యాప్‌ను తెలుగులోకి మార్చుకున్న పెద్దాయన రెండు రోజులకే మళ్లీ ఇంగ్లిష్‌కు వెళ్లిపోతే, అందులో భాష మీది చిన్నచూపు ఏమీ లేదు. ఆయనకు అక్షరాలు ఆనలేదు, అంతే. రామభద్ర, మండలి, గిడుగు, ధూర్జటి వంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగానే ఉన్నాయి. ఎక్కడ ఏది వాడాలో, వరుసల మధ్య ఎంత జాగా వదలాలో తేల్చేవారే తక్కువ. బాపు చేతిరాతను అచ్చులో చూడగానే గుర్తుపట్టే జాతికి తెరమీది అక్షరం గురించి ఇంత ఉదాసీనత తగదు.

ఖరీదైన ల్యాబ్ లేదన్న సాకు చెల్లదు. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ గెలిచిన లాత్వియా సినిమా ‘ఫ్లో’ బ్లెండర్‌లో తయారైంది. ఆ సాఫ్ట్‌వేర్ ఎవరికైనా ఉచితం. కళాకారులు కోడ్ రాసుకోవడానికి ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో కేసీ రియాస్, బెన్ ఫ్రై 2001లో మొదలుపెట్టిన ప్రాసెసింగ్ కూడా అంతే.

డేటా సైన్స్ మైనర్ తీసుకుంటే ఉద్యోగమైనా వస్తుంది కదా అనే తల్లిదండ్రుల భయాన్ని కొట్టిపారేయకూడదు. మైనర్ పత్రం ఒక్కటే చూపితే ఏ స్టూడియో పిలిచి కొలువివ్వదు. వాళ్లు అడిగేది పోర్ట్‌ఫోలియో. కానీ ఈ చదువు విలువ మేజర్‌తో కలిసినప్పుడే తేలుతుంది. వ్యవసాయ విద్యార్థి గులాబీ రంగు పురుగు దశలను పత్తి రైతుకు ఫోన్‌లో అర్థమయ్యేలా బొమ్మల్లో చూపగలిగితే, చరిత్ర విద్యార్థి అమరావతి స్తూపం శిల్పాలను త్రీడీలో నిలబెట్టగలిగితే, వారు తమ రంగంలోనే ముందుంటారు. కంప్యూటర్ సైన్స్ విద్యార్థి సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇందుకు కొత్త భవనాలు కట్టాల్సిన పని లేదు. హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్ఏఎఫ్‌ఏయూ) ఉంది, అక్కడ యానిమేషన్, అప్లయిడ్ ఆర్ట్ నేర్పుతున్నారు. చుట్టూ ఇంజినీరింగ్ కళాశాలలున్నాయి. ఒక చోట సంపాదించిన క్రెడిట్లను మరో చోట లెక్కలోకి తీసుకోవడానికే 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ తెచ్చారు. ఈ రెండు రకాల సంస్థలూ ఒప్పందం చేసుకుని, శనివారాలు తరగతి గదులు పంచుకోవచ్చు. పాఠం చెప్పేవారి కొరతకూ దారి ఉంది. పీహెచ్‌డీ లేకున్నా రంగంలో కనీసం పదిహేనేళ్లు పనిచేసిన నిపుణులను ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్‌గా తీసుకోవచ్చని యూజీసీ 2022లో మార్గదర్శకాలిచ్చింది. మంజూరైన పోస్టుల్లో పది శాతం దాకా అలా నింపుకోవచ్చు. సినిమాలకు స్టోరీబోర్డులు గీసినవారు, ఫాంట్లు తయారుచేసినవారు, పత్రికల్లో బొమ్మలు వేసినవారు తెలుగునాట ఉన్నారు. వచ్చే విద్యాసంవత్సరం మైనర్ల జాబితా ప్రకటించే ముందు కళాశాలలు వారిని పిలిచి సిలబస్ రాయించాలి.