గుట్టు వేరు, గోప్యత వేరు

ఇంటి గుట్టు లంకకు చేటన్న సామెతను తెలుగు కుటుంబం ఏ దేశం వెళ్లినా వెంట తీసుకెళ్తుంది. లైంగిక హింస విషయంలో మాత్రం ఆ సామెత కాపాడేది ఇంటి పరువునే తప్ప హింసకు గురైన మనిషిని కాదన్న సంగతిని ఒప్పుకోవడానికి వెనకాడుతుంది. గుట్టు అంటే కుటుంబమో, కళాశాలో, కుల సంఘమో తన మేలు కోసం మరొకరి నోరు మూయించడం. గోప్యత అంటే తనకు జరిగినదాన్ని ఎవరికి, ఎప్పుడు, ఎంతవరకు చెప్పాలో నిర్ణయించుకునే అధికారం బాధితుల చేతిలోనే ఉండటం. బయటినుంచి చూసేవారికి రెండూ మౌనంగానే కనిపిస్తాయి కాబట్టి ఒకదాన్ని మరొకటిగా చలామణీ చేయడం తేలిక. తాళం ఒకటే, తాళంచెవి ఎవరి మొలకు వేలాడుతోందన్నదే తేడా. కాలిఫోర్నియాలోని డబ్లిన్ నగరం నుంచి కళాశాలలకు వెళ్లే తెలుగు పిల్లలకు, అమ్మాయిలకైనా అబ్బాయిలకైనా, ఈ తేడాను చదువు మొదలైన రోజునే కాగితం మీద చూపించి చెప్పాలి. అవసరం వచ్చాక చెప్పే గోప్యత నియమం ఆపదలో ఉన్న మనిషికి అక్కరకు రాదు.

డబ్లిన్ పేరును ఇక్కడ ప్రస్తావించడానికి కారణాలు రెండు. 2020 జనగణన నాటికి 72 వేలు దాటిన ఈ నగర జనాభాలో సగానికి పైగా ఆసియా మూలాలవారు. అందులో తెలుగు కుటుంబాలు గణనీయంగా ఉన్నాయి. లివర్‌మోర్‌లోని లాస్ పొసిటాస్ కళాశాలను, హేవర్డ్‌లోని షాబో కళాశాలను నడిపే కమ్యూనిటీ కళాశాలల డిస్ట్రిక్ట్ ప్రధాన కార్యాలయం ఉన్నది డబ్లిన్ బులెవార్డ్‌ మీదే కాబట్టి, ఆ రెండు కళాశాలల ఫిర్యాదు విధానం ఎలా ఉండాలో తేల్చే అధికారం ఈ ఊళ్లోనే ఉంది. రెండో కారణం ఇంతకంటే కఠినమైనది. దాన్ని ముందు ముందు చెప్పుకోవాలి.

చిక్కు మాటల దగ్గరే మొదలవుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కౌన్సెలింగ్ అంటే ప్రవేశ పరీక్ష ర్యాంకును బట్టి సీటు కేటాయించే తంతు. పోలీసుల నోట అదే మాటకు అర్థం, షీ టీమ్స్ పట్టుకున్న ఆకతాయిని తల్లిదండ్రుల ఎదుట కూర్చోబెట్టి మందలించడం. కాలిఫోర్నియా కమ్యూనిటీ కళాశాలలో కౌన్సెలర్ అంటే ప్రధానంగా ఏ కోర్సులు చదివితే ఏ విశ్వవిద్యాలయానికి బదిలీ కావచ్చో సలహా చెప్పే అధ్యాపక వర్గ సభ్యుడు. చట్టం దృష్టిలో రహస్యం కాపాడాల్సిన కౌన్సెలర్ ఇంకొకరు: లైసెన్సు ఉన్న మానసిక చికిత్సకుడు గానీ, అత్యాచార బాధితుల సహాయ కేంద్రంలో 40 గంటల శిక్షణ పొందిన లైంగిక దాడి కౌన్సెలర్ గానీ. ఈ రెండో రకం వ్యక్తికి చెప్పుకున్న మాటను బాధితుల అనుమతి లేకుండా కోర్టు సైతం సాధారణంగా రాబట్టలేదని రాష్ట్ర సాక్ష్యాధారాల చట్టం చెబుతోంది. ఒకే బిరుదు మోస్తున్న ఇద్దరిలో ఒకరికి నోరు విప్పితే మాట అక్కడే నిలుస్తుంది, మరొకరికి విప్పితే కార్యాలయానికి చేరుతుంది. పద్దెనిమిదేళ్ల పిల్ల వణుకుతూ తలుపు తట్టేటప్పుడు ఆ తలుపు మీది బోర్డు రెండు చోట్లా ఒకే పేరు చూపిస్తే తప్పు ఆ పిల్లది కాదు.

మాట కార్యాలయానికి ఎందుకు చేరుతుందో కూడా తెలుసుకోవాలి. సమాఖ్య నిధులు పొందే విద్యాసంస్థల్లో లింగ వివక్షను నిషేధిస్తూ 1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టం లైంగిక వేధింపులను, దాడులను కూడా వివక్షగానే పరిగణిస్తుంది. ఆ చట్టం అమలుకు ప్రతి కళాశాలా ఒక సమన్వయకర్తను నియమించాలి. కాలిఫోర్నియా 2020లో ఆమోదించిన ఎస్‌బీ 493 చట్టం ‘బాధ్యతాయుత ఉద్యోగి’ అనే పదానికి విస్తృతమైన అర్థం ఇచ్చి, తమ దృష్టికి వచ్చిన ఘటనను సమన్వయకర్తకు తెలియజేయాల్సినవారి జాబితాలో పాఠం చెప్పే అధ్యాపకులను సైతం చేర్చి, మానసిక చికిత్సకులను, మతగురువులను, లైంగిక దాడి కౌన్సెలర్లను మినహాయించింది. క్రీడా శిక్షకుడో, ఇష్టమైన లెక్కల మాస్టారో ఆత్మీయంగా విని, మరుక్షణం నివేదిక రాస్తే అది నమ్మకద్రోహం కాదు, ఉద్యోగధర్మం. వినడానికి ముందే ఆ సంగతి చెప్పకపోవడం మాత్రం ద్రోహమే.

నిర్బంధ నివేదనను సమర్థించేవారి వాదనలో బలం లేకపోలేదు. ఒకే వ్యక్తి మీద వేర్వేరు ఏళ్లలో వేర్వేరు విద్యార్థులు చెప్పిన మాటలు ఒకచోట చేరకపోతే ఆ వ్యక్తి పదేపదే తప్పించుకుంటాడు. అయితే ఆ ప్రయోజనం సాధించడానికి బాధితులను ఏమరుపాటున పట్టుకోవాల్సిన పని లేదు, ఎందుకంటే వారికి కావాల్సిన వ్యవధిని చట్టమే ఇచ్చింది. 2016లో కాలిఫోర్నియా చేసిన ఎస్‌బీ 813 వల్ల, 2017 జనవరి 1 తరువాత జరిగిన అత్యాచార నేరాలకు కాలపరిమితి తొలగిపోయింది. పరిష్కారం కాని కేసుల్లో వైద్య పరీక్షలో సేకరించిన ఆధారాలను కనీసం 20 ఏళ్లు ధ్వంసం చేయరాదని 2017లో మరో చట్టం నిర్దేశించింది. ఆ పరీక్షకు బాధితులు పైసా చెల్లించనక్కర్లేదు, పోలీసు విచారణకు సహకరించాలన్న షరతూ లేదు. ఈ రోజు ఒంటి మీది ఆధారాన్ని భద్రపరచి, ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది ఏడాది తరువాత తేల్చుకునే వెసులుబాటు ఉన్నప్పుడు, మొదటి గంటలోనే నిర్ణయం తీసుకోమని తొందరపెట్టే హక్కు ఏ అధికారికీ లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. దాడి వల్ల గాయాలైనవారికి చికిత్స చేసిన కాలిఫోర్నియా వైద్య సిబ్బంది ఆ సంగతిని పోలీసులకు తెలియజేయాలని రాష్ట్ర శిక్షాస్మృతి చెబుతోంది కాబట్టి ఆసుపత్రిని సంపూర్ణ రహస్య స్థలంగా భావించరాదు. పోలీసు వచ్చినా మాట్లాడకుండా ఉండే హక్కు, విచారణ గదిలోనూ పరీక్ష గదిలోనూ లైంగిక దాడి కౌన్సెలర్‌ను పక్కన ఉంచుకునే హక్కు బాధితులకు ఉన్నాయి. పద్దెనిమిదేళ్లు నిండనివారి విషయంలో నియమం ఇంకా కఠినం: ఉపాధ్యాయుడు, వైద్యుడు, చికిత్సకుడు అన్న తేడా లేకుండా దాదాపు అందరూ బాలల రక్షణ చట్టం కింద నివేదించి తీరాలి. డబ్లిన్‌లో ఉన్నత పాఠశాల చదువుతూనే క్రెడిట్ల కోసం కమ్యూనిటీ కళాశాల తరగతుల్లో చేరే పిల్లలకు, వారిని చేర్చే తల్లిదండ్రులకు ఈ సంగతి చెప్పేదెవరు?

పైన దాటవేసిన రెండో కారణం ఇది. డబ్లిన్‌లోని సమాఖ్య మహిళా కారాగారంలో వార్డెన్ రే గార్సియా తన అదుపులో ఉన్న మహిళలను లైంగికంగా హింసించినట్లు 2022 డిసెంబరులో జ్యూరీ తేల్చింది. మరుసటి ఏడాది అతనికి 70 నెలల శిక్ష పడింది. కారాగారాల్లో అత్యాచారాలను అరికట్టే చట్టం అక్కడ సక్రమంగా అమలయ్యేలా చూడాల్సిన బాధ్యత ఒకప్పుడు అతనిదే. ఖైదీలు మనసు విప్పి చెప్పుకోవడానికి ఉన్న మతగురువూ అదే నేరానికి ఏడేళ్ల శిక్ష అనుభవించాల్సి వచ్చింది. 2024లో ఆ కారాగారం మూతపడింది. ఆ ఏడాది చివర ప్రభుత్వం 103 మంది మహిళలకు సుమారు 11.6 కోట్ల డాలర్ల పరిహారానికి అంగీకరించింది. కళాశాల కారాగారం కాదు, నిజమే. కానీ ఫిర్యాదు పెట్టె, దాని తాళంచెవి, నిందితుడు ఒకే కప్పు కింద ఉంటే ఏమవుతుందో తెలుసుకోవడానికి డబ్లిన్ వాసులు దూరం వెళ్లనక్కర్లేదు. సంస్థ జీతం తీసుకోని, సంస్థ ప్రతిష్ఠతో సంబంధం లేని శ్రోత ఉండాలన్న వాదనకు ఆ ఖాళీ భవనం కంటే బలమైన ఆధారం అక్కర్లేదు. లివర్‌మోర్‌లోని ట్రై వ్యాలీ హేవెన్ డబ్లిన్ ప్రాంతానికి అటువంటి సహాయ కేంద్రం. తొంభైల తొలినాళ్లలోనే దక్షిణాసియా మహిళల కోసం బే ఏరియాలో మొదలైన మైత్రి, నారిక సంస్థలకు ఇంటి హింసలో, భాష సమస్యలో దీర్ఘానుభవం ఉంది.

ఇక మన ఇళ్లలోని భయాల సంగతి. అమ్మానాన్నల ఆరోగ్య బీమా మీద 26 ఏళ్ల వరకు ఉండే పిల్లలు చికిత్సకు వెళ్తే బిల్లు వివరాల కాగితం ఇంటికొచ్చి గుట్టు రట్టవుతుందన్న భయంతో వైద్యానికే దూరమవుతారు. ఈ భయం తీర్చడానికే కాలిఫోర్నియా ఏబీ 1184 చట్టం తెచ్చి, 2022 జులై నుంచి, లైంగిక దాడి సంబంధిత సేవలు వంటి సున్నిత వైద్యం వివరాలను బీమాదారుకు కాక సేవ పొందిన వ్యక్తికే పంపాలని ఆదేశించింది. కళాశాల రికార్డుల మీద హక్కు కూడా 1974 నాటి సమాఖ్య చట్టం ప్రకారం విద్యార్థికే బదిలీ అవుతుంది. పన్ను లెక్కల్లో ఆధారితులుగా చూపిన పిల్లల విషయంలో తల్లిదండ్రులకు వివరాలిచ్చే వెసులుబాటు కళాశాలకు ఉన్నా, ఇచ్చి తీరాలన్న నిర్బంధం లేదు. హాజరు తగ్గితే ఇంటికి ఫోన్ చేసే కళాశాలలకు అలవాటుపడిన తెలుగు తండ్రికి ఇది అవమానంగా తోచవచ్చు. తోచనివ్వండి.

ఎఫ్-1 వీసా మీద చదివేవారిది మరో గుబులు: నోరెత్తితే వీసా పోతుందేమోనని. టైటిల్ నైన్ రక్షణకు పౌరసత్వంతో పని లేదు. దెబ్బతిన్న ఆరోగ్యం వల్ల పూర్తి కోర్సు భారం మోయలేకపోతే వైద్యుడి లేఖతో, కళాశాలలోని అంతర్జాతీయ విద్యార్థుల అధికారి ముందస్తు అనుమతితో, మొత్తం 12 నెలల వరకు తగ్గించుకోవచ్చు. అనుమతి లేకుండా తరగతులు మానేయడమే ప్రమాదం. అందుకే నిశ్శబ్దంగా చదువు వదిలేయడం కంటే ఒక్క రహస్య సంభాషణ వీసాకు మేలు చేస్తుంది. నేర బాధితులకు, పోలీసులకు సహకరించినందుకు ఇచ్చే యు వీసా ఒకటుంది గానీ, ఏడాదికి 10 వేల పరిమితి వల్ల దాని కోసం నిరీక్షణ ఏళ్లకేళ్లు సాగుతుంది. దాన్ని వరంగా ప్రచారం చేయడం అబద్ధమవుతుంది.

అధికారిక ఫిర్యాదు బాటలో నడవడం ఇప్పుడు మరింత కష్టం. 2024లో విడుదలైన కొత్త టైటిల్ నైన్ నిబంధనలను 2025 జనవరిలో కెంటకీలోని సమాఖ్య న్యాయస్థానం కొట్టివేయడంతో 2020 నాటివి తిరిగి అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం కళాశాల స్థాయి విచారణలో ఎదుటి పక్షం సలహాదారు బాధితులను ప్రత్యక్షంగా ప్రశ్నించవచ్చు. నిందితులకు న్యాయమైన విచారణ దక్కాల్సిందే. అయితే అదే నిబంధనల్లో అధికారిక ఫిర్యాదు లేకున్నా తరగతి మార్పు, వసతి మార్పు, గడువు పొడిగింపు వంటి సహాయక చర్యలు కల్పించాలన్న మాట కూడా ఉంది. ప్రచారం దక్కాల్సింది ఈ మాటకు.

స్టాన్‌ఫర్డ్‌లో 2015లో దాడికి గురైన యువతి నాలుగేళ్లకు పైగా మారుపేరుతోనే లోకానికి తెలిసి, 2019లో తన సమయాన తానే షనెల్ మిల్లర్ అని ప్రకటించుకుంది. అన్నేళ్లూ ఆ పేరు దాగింది పరువు కోసం కాదు, ఆమె నిర్ణయం కోసం.

దీనికి పూర్తిగా ఎదురు నిలిచే గుట్టు చరిత్ర తెలుగువారిదే, బే ఏరియాదే. బర్క్‌లీలో పెద్ద ఆస్తిపరుడైన లకిరెడ్డి బాలిరెడ్డి కృష్ణా జిల్లా నుంచి మైనర్ బాలికలను లైంగిక దోపిడీకి తెచ్చిన వ్యవహారం, 1999 నవంబరులో అతని అపార్ట్‌మెంట్‌లో ఒక బాలిక విషవాయువుతో చనిపోయే దాకా బయటపడలేదు. కూపీ లాగి తొలుత రాసినవారిలో బర్క్‌లీ హైస్కూల్ పత్రిక నడిపే విద్యార్థులున్నారు. 2001లో నేరం ఒప్పుకున్న అతనికి 97 నెలల శిక్ష పడింది. మైలవరంలో 1998లో మొదలైన ఇంజినీరింగ్ కళాశాలకు మాత్రం అతని పేరు అలాగే ఉంది. 2013 నాటి భారత చట్టం ప్రతి కళాశాలా ఏర్పరచాలన్న అంతర్గత ఫిర్యాదుల కమిటీ నోటీసు అక్కడ అచ్చుకావాల్సింది ఆ పేరున్న కాగితం మీదే. ఆ పేరు తొలగించాలి.

డబ్లిన్ పరిసరాల్లోని తెలుగు సంఘాలు లైంగిక హింస ఫిర్యాదులను తామే విని సర్దుబాటు చేసే పని మానుకోవాలి, ఎందుకంటే రాజీ కుదిర్చే పెద్దమనిషి తరచూ రెండిళ్లకూ స్నేహితుడు, వచ్చే ఉత్సవానికి ఒక ఇంటి విరాళం అందుకోబోయేవాడు. వారు చేయగలిగింది సహాయ కేంద్రాల ఫోన్ నంబర్లు వేదిక వెనక, మహిళల గది తలుపు లోపలి వైపున అంటించడం, అక్కడి కౌన్సెలర్లకు తెలుగు దుబాసీలుగా బంధుత్వం లేని శిక్షితులను సమకూర్చడం. డబ్లిన్ బులెవార్డ్ మీది డిస్ట్రిక్ట్ పాలకమండలి చేయాల్సింది ఇంకా చిన్న పని. చేరిన ప్రతి విద్యార్థికీ తెలుగుతో సహా ఇళ్లలో మాట్లాడే భాషల్లో ఒక్క కాగితం ఇవ్వాలి; అందులో ఎవరు రహస్యం కాపాడతారో, ఎవరు నివేదించి తీరాలో హోదాల వారీగా రెండు వరుసల్లో ఉండాలి; నివేదించాల్సిన ప్రతి ఉద్యోగీ, ఎదుటి కుర్చీలో కూర్చున్న విద్యార్థి మొదటి వాక్యం పూర్తి చేయకముందే, తాను ఏ వరుసలోని మనిషో చెప్పాలన్న నియమం అదే కాగితం అడుగున ముద్రించాలి.