ఉరితాడుకు అందనివారు

ఆటో శంకర్‌గా పేరుమోసిన గౌరీశంకర్‌ను 1995 ఏప్రిల్ 27న సేలం కేంద్ర కారాగారంలో ఉరితీశారు. ఆరు హత్యల కేసులో చెంగల్పట్టు సెషన్స్ కోర్టు 1991లో వేసిన మరణశిక్షను మద్రాసు హైకోర్టు మరుసటి ఏడాది ఖరారు చేసింది. 1994లో సుప్రీంకోర్టు అతడి అప్పీలును తోసిపుచ్చింది. హంతకుడికి చట్టప్రకారం శిక్ష పడింది. అతడి మీద జాలి చూపాల్సిన పనిలేదు. కానీ అతడిని అంతవాణ్ని చేసినదెవరన్న ప్రశ్నను మాత్రం అతడితోపాటే పూడ్చిపెట్టారు.

శంకర్ రాత్రికి రాత్రి పుట్టుకొచ్చిన రాక్షసుడేమీ కాదు. వేలూరు ప్రాంతం నుంచి మద్రాసు చేరి, రంగులు వేసి, ఆటో నడిపి పొట్టపోసుకున్నవాడు. సారా అక్రమ రవాణాతో మొదలై వ్యభిచార గృహాల నిర్వహణ దాకా ఎదిగాడు. 1987-88లో తనకు ఎదురుతిరిగినవారిని అనుచరులతో కలిసి మట్టుబెట్టాడు. ఇదంతా ఏ అడవిలోనో జరగలేదు. రాష్ట్ర రాజధానిలో, తిరువాన్మియూరు వంటి జనం మసలే పేటలో జరిగింది. పట్టుబడ్డాక 1990లో జైలు నుంచే పారిపోయాడు. మళ్లీ ఒరిస్సాలో దొరికాడు. అండ లేనిదే ఒక ఆటోడ్రైవర్‌కు ఇన్నేళ్లు ఇంత దందా సాగుతుందా?

ఆ అండ ఎవరిదో చెబుతానని అతడే ముందుకొచ్చాడు. జైల్లో రాసిన సుమారు 300 పేజీల ఆత్మకథను ప్రచురిస్తామని తమిళ పత్రిక ‘నక్కీరన్’ 1994లో ప్రకటించింది. ఐఏఎస్, ఐపీఎస్ అధికారులు కొందరితో తనకు సంబంధాలున్నాయని, వారిలో కొందరు తన నేరాల్లో భాగస్వాములని అందులో అతడు ఆరోపించినట్టు పత్రిక చెప్పింది. అప్పుడు విచారణకు పూనుకోవాల్సిన యంత్రాంగం ప్రచురణను ఆపడానికి ఆత్రపడింది. అది తప్పుడు రచన అని, ప్రచురిస్తే చర్య తప్పదని జైళ్ల ఐజీ లేఖ రాశారు. పత్రిక సుప్రీంకోర్టుకెక్కింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసి సుప్రీంకోర్టుకు వెళ్లిన జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డి ఆ ఏడాది అక్టోబర్ 7న ఇచ్చిన తీర్పు ఆ బెదిరింపును చెల్లనివ్వలేదు. తమ పరువు పోతుందని అధికారులు ప్రచురణకు ముందే పత్రిక నోరు నొక్కలేరని, పరువు నష్టం ఉంటే తర్వాత కోర్టుకు వెళ్లవచ్చని స్పష్టం చేసింది. వ్యక్తిగత గోప్యత హక్కుకు గట్టి పునాది వేసింది కూడా ఆ తీర్పే.

హంతకుడు చెప్పిందంతా నిజమని మేము అనడం లేదు. ప్రాణభయంతో అబద్ధం చెప్పి ఉండవచ్చు, పగతో బురద చల్లి ఉండవచ్చు. విచారణ అవసరమయ్యేది అందుకే. ఆరోపణ నిజమైతే దోషి దొరుకుతాడు, అబద్ధమైతే నిజాయతీపరుడి మీది మచ్చ చెరిగిపోతుంది. కానీ తీర్పు వచ్చి ఏడు నెలలైనా తిరగకముందే ఆరోపణ చేసినవాడిని ఉరితీశారు. చనిపోయినవాడిని బోనెక్కించి ప్రశ్నించగలిగేదెవరు?

నేరముఠాలకు, నాయకులకు, అధికారులకు మధ్య పెనవేసుకున్న బంధాన్ని వోహ్రా కమిటీ 1993లోనే కేంద్రం ముందుంచింది. అయినా పాఠం ఒంటబట్టలేదు. 2016లో షాద్‌నగర్ వద్ద ఎన్‌కౌంటర్‌లో గ్యాంగ్‌స్టర్ నయీం హతమయ్యాక, అతడి ముఠాతో సంబంధాలున్నాయన్న ఆరోపణలపై కొందరు పోలీసు అధికారులు సస్పెండయ్యారు. ఉరి వేరు, ఎన్‌కౌంటర్ వేరు. నిజం తెలిసిన నోరు మూతపడటం మాత్రం రెండింటిలోనూ ఒకటే.

ప్రభుత్వాలు రెండు పనులు చేయాలి. వ్యవస్థీకృత నేరాల కేసుల్లో అధికారుల పాత్రపై హైకోర్టు పర్యవేక్షణలో విడిగా దర్యాప్తు జరిపించి, ఆ నివేదికను ప్రజల ముందుంచాలి. అధికారులపై ఆరోపణలు చేసిన ఖైదీ వాంగ్మూలాన్ని మేజిస్ట్రేట్ సమక్షంలో నమోదు చేసి, దాని నిగ్గు తేలేదాకా మరణశిక్ష అమలును నిలిపివేయాలి. హతుల కుటుంబాలకు హంతకుడెవరో చెబితే సరిపోదు. అతడిని కాపాడినవారి పేర్లు తెలుసుకునే హక్కు కూడా వారికుంది.