ఆ గుట్టల కింద ఉన్నది మంచు

అలాస్కాలోని కెన్నెకాట్ పాత రాగి మిల్లు దగ్గర నిలబడి లోయలోకి చూసినవాళ్లలో చాలామందికి ఒకటే అనుమానం వస్తుంది: గని తవ్విన మట్టంతా తెచ్చి ఇక్కడే పోశారా అని. బూడిదరంగు గుట్టలు, కంకర, మధ్యమధ్య మురికినీటి మడుగులు. అచ్చం సింగరేణి ఓపెన్‌కాస్టుల పక్కన లేచిన మట్టిదిబ్బల్లాగే ఉంటుంది. కానీ అది గని మట్టి కాదు, కెన్నికాట్ హిమానీనదం. పైన కనిపించేది రాళ్ల పొర, దాని కింద కదులుతున్న మంచు. (గనికి కెన్నెకాట్, గ్లేసియర్‌కు కెన్నికాట్. ఎప్పుడో దొర్లిన అక్షరదోషం అలాగే స్థిరపడిపోయింది.)

వేసవి సెలవులకు అలాస్కా బయల్దేరే మనవాళ్లు, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని కూడా కారెక్కించుకుని వెళ్లేవాళ్లు, ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి.

ఈ లోయ పైన ఉన్న రాంగెల్ పర్వతాలు అగ్నిపర్వతాల వరస. బ్లాక్‌బర్న్ ఎత్తు 16,390 అడుగులు, శాన్‌ఫర్డ్ 16,237. 14,163 అడుగుల రాంగెల్ శిఖరం ఇంకా చల్లారలేదు, నెత్తిన మంచు మోస్తూనే ఆవిరి వదులుతుంటుంది. మనం ఆ ఆవిరిని చూసి జంకుతాం, కింద పారే నీటిని చూసి మురిసిపోతాం. జాగ్రత్తపడాల్సింది ఆ నీటి దగ్గర.

కెన్నెకాట్ పక్కనే ఉన్న మెకార్తీ ఊరికి సుమారు పది మైళ్ల ఎగువన, ఒక పక్కలోయలో హిడెన్ క్రీక్ సరస్సు ఉంది. దానికి కట్ట కెన్నికాట్ హిమానీనదమే. వేసవిలో మంచు కరిగి సరస్సు నిండుతుంది. మంచు నీటిలో తేలుతుంది కదా, నీటిమట్టం చాలినంత పెరిగేసరికి ఆ కట్ట అడుగు నుంచి లేస్తుంది. నీళ్లు మంచు కిందుగా దారి చేసుకుని, రెండు మూడు రోజుల్లో సరస్సు మొత్తం కెన్నికాట్ నదిలోకి వచ్చిపడుతుంది. ఇది దాదాపు ఏటా జరిగేదే. తేదీ మాత్రం ఎవరూ చెప్పలేరు.

2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నది రాళ్ల మీద ఫొటోలు దిగుతూ 24 మంది హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. ఆ వీడియో చూడని తెలుగు ఇల్లు లేదేమో. అక్కడ డ్యామ్ నుంచి నీళ్లు వదిలింది మనుషులు. ఇక్కడ ఆ గేటు మంచు, దానికి కాపలాదారు లేడు.

వరద రాని రోజున కూడా మంచు కరిగి పారే ఇక్కడి వాగులను తక్కువగా చూడొద్దు. పొద్దున మోకాలి లోతున్న పాయ, ఎండకు పైన మంచు కరగడంతో సాయంత్రానికి నడుం దాటొచ్చు. పొద్దున సులువుగా దాటి వెళ్లినవాళ్లు తిరిగొచ్చేసరికి అవతలి ఒడ్డున చిక్కుకుపోయేది ఇలాగే. మంచు అరగదీసిన రాతిపొడి కలిసి నీళ్లు బియ్యం కడిగినట్టు ఉంటాయి, కాలు పెట్టేదాకా లోతు తెలియదు. ఆ చలికి కాళ్లు నిమిషాల్లో మొద్దుబారతాయి.

పక్కనే ఉన్న రూట్ గ్లేసియర్ మీద నడవాలని పిల్లలు మారాం చేస్తారు. నడవండి, గైడును పెట్టుకుని, బూట్లకు మంచుముళ్లు తగిలించుకుని. అక్కడ నీలంగా మెరిసే నీటికాలువలు నున్నటి మంచు మీద జారి, అడుగు కనిపించని మంచుబావుల్లో పడతాయి. ఫొటోకు బాగుంటుందని మనవాళ్లు వెళ్లి నిలబడేది సరిగ్గా ఆ అంచునే.

ఇక దూరం సంగతి. ఇక్కడి నేషనల్ పార్కు దాదాపు తెలంగాణలో సగమంత ఉంటుంది. లోపలికి వెళ్లే రోడ్లు రెండే. మెకార్తీ రోడ్డు 60 మైళ్ల కంకరదారి. 1938లో మూతపడ్డ రైలు కట్ట మీదే వేశారు కాబట్టి, ఆనాటి పట్టాల మేకులు ఇప్పటికీ తేలి టైర్లు చీలుస్తుంటాయి. చాలా అద్దెకార్ల కంపెనీలు ఈ రోడ్డును ఒప్పుకోవు. ఒప్పందం చదవకుండా వెళితే బండి ఆగినప్పుడు ఖర్చంతా మీదే. దారిలో చాలాచోట్ల ఫోను పలకదు. అమ్మకో నాన్నకో గుండెనొప్పి వస్తే పెద్దాసుపత్రికి గంటల ప్రయాణం. వాళ్ల మందులు రెండు రోజులవి అదనంగా పెట్టుకోండి. అసలు టైరుతో సమానమైన స్పేర్ టైరు, శాటిలైట్‌తో సందేశం పంపే పరికరం లేకుండా, ఆ రోడ్డు మొదలయ్యే చిటినా దాటొద్దు. ఎప్పుడు తిరిగొస్తారో ఇంకొకరికి చెప్పి వెళ్లండి.

ఈ కొండలు మనిషిని ఎంతగా దాచేయగలవో 1948 మార్చి 12 చెబుతుంది. ఆ రాత్రి 30 మందితో వస్తున్న విమానం శాన్‌ఫర్డ్‌ను ఢీకొంది. ఎక్కడ పడిందో తెలిసీ ఎవరూ చేరలేకపోయారు. మంచు దాన్ని మింగి, మెల్లగా మోసుకొచ్చి, 1999లో శకలాలను కింద బయటపెట్టింది.

మెకార్తీ చేరగానే నదికి ఇవతల కారు ఆపి, కాలివంతెన మీద నడిచి అవతలికి వెళ్లాలి. 1997లో ఆ వంతెన వచ్చేదాకా తీగకు వేలాడే తొట్టెలో కూర్చుని, చేత్తో తాడు లాక్కుంటూ దాటేవారు. వంతెన ఎక్కకముందే ఊరివాళ్లనో రేంజర్లనో ఒక్క మాట అడగండి: "హిడెన్ క్రీక్ ఈ ఏడాది ఖాళీ అయిందా?" ఇంకా కాలేదంటే, నది ఒడ్డున రాళ్లమేట మీద టెంట్ వేయొద్దు, పిల్లల్ని నీటి దగ్గరికి దిగనివ్వొద్దు.