పందిరి - ఇరుగుపొరుగు

మనిషి తన ఇంటిచుట్టూ గోడ కట్టుకోగలడు గాని ఎండకూ, గాలికీ, వాననీటికీ గోడ కట్టలేడు. ఒకరి పెరట్లో జరిగే పని పక్కవారి పెరటిని తాకక మానదు. పెరట్లో వేసే పందిరి ఇందుకు మంచి ఉదాహరణ.

తెలుగువారికి పందిరి కొత్త కాదు. బీర, పొట్ల, కాకర, ఆనప పాదులకూ, సన్నజాజి తీగకూ పందిరి కావాలి. దీనినే కన్నడిగులు చప్పర అనీ, తమిళులు పందల్ అనీ, మరాఠీలు మాండవ్ అనీ అంటారు. హోసూరులోనైనా, బళ్లారిలోనైనా, బరంపురంలోనైనా, యానాంలోనైనా గుంజలు పాతి, పైన వెదురు బద్దలో తీగెలో కట్టి, పాదును పాకించే పద్ధతి ఒక్కటే.

"నా స్థలంలో నేను పందిరి వేసుకొంటే ఎవరికేమి?" అని కొందరంటారు. ఈ మాటలో కొంత నిజం ఉన్నది. స్థలం వారిది, శ్రమ వారిది. కాని పందిరి నీడ హద్దురాయి దగ్గర ఆగదు. శీతకాలంలో సూర్యుడు దక్షిణంగా నడుస్తాడు. యానాంలో డిసెంబరు 21 ప్రాంతంలో 8 అడుగుల ఎత్తుగల పందిరి నీడ మిట్టమధ్యాహ్నం సుమారు 7 అడుగుల దూరం ఉత్తరానికి పడుతుంది. ఉదయం, సాయంత్రం ఆ నీడ ఇంకా పొడవుగా ఉంటుంది. ఉత్తరపు హద్దును ఆనుకొని పందిరి వేస్తే, పక్కింటివారు వడియాలు పెట్టుకొనే చోటుకూ, వారి ఇంటి ముసలివారు చలికి ఎండ కాగే అరుగుకూ ఎండ తగ్గుతుంది. అదే పందిరిని హద్దునుండి 8 అడుగులు లోపలికి జరిపితే మధ్యాహ్నపు నీడ ఇంటివారి పెరట్లోనే ఉండిపోతుంది. అంత చోటు లేనివారు ఎత్తు తగ్గించుకోవచ్చు.

నీడ ఒక్కటే కాదు. పందిరికి రేకులు కప్పేవారు వాలు తమ పెరటివైపే పెట్టాలి. లేకుంటే వాననీరు పొరుగువారి గోడ మొదట్లో పడి గోడను నానబెడుతుంది. ఉమ్మడి గోడకు మేకులు కొట్టి తీగ పాకించడంకూడా మంచిది కాదు. తీరప్రాంతాలవారు గాలినికూడా తలచుకోవాలి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను బరంపురానికి దగ్గరలోని గోపాల్‌పూర్ వద్ద తీరం దాటింది. అటువంటి గాలికి సరిగా బిగించని రేకు లేచిందంటే అది ఎవరి ఇంటిమీద పడుతుందో చెప్పలేము.

ఈ విషయాలలో చట్టంకూడా ఉన్నది. 1882 నాటి భారతీయ ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం, ఒక ఇంటికి 20 సంవత్సరాలు అడ్డులేకుండా, హక్కుగా అందుతూ వచ్చిన వెలుతురును, గాలిని పొరుగువారు తమ ఇష్టంకొద్దీ అడ్డగించడానికి వీలులేదు. హద్దు దాటి వచ్చిన కొమ్మను తమ వైపునుండే కోసుకొనే హక్కునూ న్యాయస్థానాలు గుర్తించాయి. కాని చట్టం హక్కును తేల్చగలదే గాని స్నేహాన్ని నిలపలేదు. కోర్టులో గెలిచినవారుకూడా మరునాడు అదే పొరుగువారి ముఖం చూడాలి గదా!

ముందుగా చెబితే అనుమతి అడిగినట్లవుతుందనీ, రేపు ప్రతిదానికీ వారు పెత్తనం చేస్తారనీ కొందరు భయపడతారు. చెప్పడం వేరు, అనుమతి కోరడం వేరు. గుంజ పాతకముందు దానిని రెండడుగులు జరపడం సులువు. తీగ పాకి పిందె వేసిన తరువాత జరపమంటే ఎవరికైనా కష్టమే. అప్పుడు న్యాయమైన మాటకూడా దెబ్బలాటలాగే వినిపిస్తుంది.

వేరువేరు భాషలవారు పక్కపక్కన కాపురముండే ఊళ్లలో ఈ జాగ్రత్త మరింత అవసరం. అక్కడ రెండిళ్ల తగవు రెండిళ్లతో ఆగదు. "ఆ భాషవాళ్లంతా ఇంతే" అనే మాటదాకా పోతుంది. ఒక పందిరివల్ల ఒక భాషవారందరికీ చెడ్డపేరు రావడం ఎంత అన్యాయం! నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది. అక్క అనే పిలుపు తెలుగు, కన్నడ, తమిళ భాషలు మూడింటిలోనూ ఉన్నది. పక్కింటామెను అక్కా అని పిలిచి, వారి భాషలోనే నాలుగు మాటలు చెబితే సగం పని అయినట్లే.

పొరుగువారికీ బాధ్యత ఉన్నది. నాలుగు ఎండుటాకులు రాలాయని, రెండు తుమ్మెదలు వచ్చాయని గొడవ పడరాదు. పందిరి వేసినవారు తొలికాపులో రెండు కాయలు పంపడం మంచి ఆచారమే. కాని నీడతో కలిగిన నష్టం కాయలతో తీరదు. ముందు పందిరిని తగినచోట వేయాలి, ఆ తరువాత కాయలు పంచుకోవాలి. పోరు నష్టం, పొందు లాభం అని పెద్దలన్నారు. పెరటి పందిరి విషయంలో ఈ మాట పాటించినవారికి ఊరంతటి విషయంలోనూ పాటించడం అలవాటవుతుంది.