అడ్డదారి కాదు, దగ్గరి దారి

“అడ్డదారి” అన్న మాటకు మన భాషలో మంచి పేరు లేదు. అడ్డదారిన ధనం గడించినవానినీ, అడ్డదారిన పదవి సంపాదించినవానినీ లోకం గౌరవించదు. పాఠ్యగ్రంథం విప్పకుండా గైడు పుస్తకాన్ని వల్లించే విద్యార్థిని మందలించవలసి వచ్చినప్పుడు అధ్యాపకులమైన మేము కూడా ఈ మాటనే ప్రయోగిస్తాము. అందువల్లనే కాబోలు, కంప్యూటరుతో పాటు మన మధ్యకు వచ్చిన ‘షార్ట్‌కట్’ అనే మాట వినగానే మన మనస్సు దానికి కూడా ఆ దోషాన్నే అంటగడుతుంది. మౌసుతో నిదానంగా చేయదగిన పనిని రెండు మీటలు నొక్కి ముగించడం కేవలం ఆర్భాటమని నేను చాలాకాలం భావించాను. ఆ భావన ఎంత పొరపాటో నాకు బోధించినవాడు మన కళాశాల విద్యార్థి.

అతనికి చూపు లేదు. ఒకనాటి మధ్యాహ్నం ఉపకారవేతనం విషయమై ఒక కార్యాలయానికి ఈ-మెయిలు పంపవలసి వచ్చి కంప్యూటరు గదికి వచ్చాడు. “నీవు చెప్పు నాయనా, నేను వ్రాసి పంపుతాను” అంటూ నేను కుర్చీ ముందుకు లాక్కున్నాను. అతడు మెల్లగా నవ్వి, “వద్దు సార్, నేనే పంపుకుంటాను. మీరు తప్పులు మాత్రం చూడండి” అన్నాడు. తెరమీద ఉన్నదానిని చదివి వినిపించే ఎన్.వి.డి.ఎ. అనే సాఫ్ట్‌వేరును తన జేబులోని పెన్‌డ్రైవు నుండి నడిపించుకొని, ఇయర్‌ఫోన్లు తగిలించుకున్నాడు. మౌసును అతడు తాకనే లేదు. చిరునామా, విషయం, ఉత్తరం పాఠం అన్నింటినీ ట్యాబ్ మీటతో ఒకదాని తరువాత ఒకటి విని సరిచూసుకున్నాడు. నేను చూపగలిగిన తప్పు ఒక్కటే. దానిని దిద్దుకొని, కంట్రోల్, ఎంటర్ మీటలను కలిపి నొక్కాడు. ఉత్తరం వెళ్లిపోయింది. నాకు తోచిన సాయం అతనికి అవసరం లేకపోయింది.

ఆనాటి నుండి నా ఆలోచన మారింది. మనకు దగ్గరి దారిగా కనిపించేది అతనికి ఉన్న ఒకే ఒక దారి. ఆ సాఫ్ట్‌వేరును 2006లో ప్రారంభించిన ఆస్ట్రేలియా యువకుడు మైకేల్ కరన్ కూడా అంధుడే. అది ఉచితంగా లభిస్తుంది. తెలుగును, ఉర్దూను సైతం చదివి వినిపించగలదు. తన ఉత్తరాన్ని తానే వ్రాసి, తానే పంపుకోగలగడం ఎంత గొప్ప స్వాతంత్ర్యమో, ఇతరుల చేత వ్రాయించుకోవలసి వచ్చినవారిని అడిగితే తెలుస్తుంది.

ఇంతకూ ఈ మీటలలో ఉన్న మర్మమేమి? 2004లో వెలువడిన జీమెయిలునే ఉదాహరణగా తీసుకుందాము. దాని సెట్టింగులలో ‘కీబోర్డ్ షార్ట్‌కట్స్’ అన్నదానిని ఒకసారి ఆన్ చేస్తే చాలు. ‘సి’ నొక్కితే కొత్త ఉత్తరం తెరుచుకుంటుంది. వచ్చిన ఉత్తరాన్ని చదువుతూ ‘ఆర్’ నొక్కితే జవాబు వ్రాయవచ్చు; ‘ఎఫ్’ నొక్కితే మరొకరికి పంపవచ్చు. ప్రశ్నార్థకం నొక్కితే మొత్తం పట్టిక కళ్లముందు నిలుస్తుంది. ఇవి కంపోజ్, రిప్లై, ఫార్వర్డ్ అనే ఆంగ్లపదాల మొదటి అక్షరాలు. “ఆంగ్లం అంతగా రాని పల్లెటూరి విద్యార్థికి ఇవెలా పట్టుబడతాయి?” అని కొందరు సందేహించవచ్చు.

ఆ సందేహానికి సమాధానం ఆ పట్టికలోనే ఉంది. ఉత్తరాల వరుసలో కిందికి పోవడానికి ‘జె’, పైకి పోవడానికి ‘కె’ నొక్కాలి. ఈ అక్షరాలకు ఆంగ్లంలో కూడా అర్థమేమీ లేదు. 1976 ప్రాంతంలో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో బిల్ జాయ్ అనే విద్యార్థి ‘వి.ఐ.’ అనే ఎడిటరును తయారుచేస్తున్నప్పుడు, ఆయన వాడిన యంత్రంలో బాణపు గుర్తులు హెచ్, జె, కె, ఎల్ మీటల మీదనే ముద్రించి ఉండేవి. ఆ యంత్రాలు పోయాయి. ఆ వాడుక మిగిలింది. ఆంగ్లేయుడైనా, ఆంధ్రుడైనా ఈ రెండు మీటలను అభ్యాసంతోనే నేర్చుకోవాలి. అభ్యాసం ముందు అందరూ సమానులే!

రెండు భాషలకు నిలయమైన మన కళాశాలకు ఈ విద్యలో ప్రత్యేకమైన ప్రయోజనం ఉంది. 1980 దశకంలో భారత ప్రభుత్వం రూపొందింపజేసిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో అచ్చులు, గుణింతాలు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి వస్తాయి. తెలుగులో ‘క’ ఉన్న మీట మీదనే హిందీ, కన్నడ భాషల ‘క’ కూడా ఉంటుంది. ఉర్దూ లిపి వేరు కనుక దాని కీబోర్డు కూడా వేరు. విండోస్ యంత్రంలో రెండు కీబోర్డులను చేర్చుకున్నవారు ఆల్ట్, షిఫ్ట్ మీటలతో ఒక లిపి నుండి మరొక లిపికి మారవచ్చు. కంట్రోలుతో కుడి షిఫ్టును నొక్కితే వాక్యం ఉర్దూకు తగినట్లు కుడినుండి ఎడమకు నడుస్తుంది. ఎడమ షిఫ్టును నొక్కితే తెలుగుకు తగినట్లు తిరిగి వస్తుంది. ఈ ఒక్క విషయం తెలియక, ఉర్దూ వాక్యం చివరి చుక్క మొదటికి వచ్చి పడుతుంటే విసిగి, ఉర్దూను రోమను లిపిలో వ్రాసి పంపేవారిని నేనెరుగుదును. 2022లో మన రాష్ట్రంలో ఉర్దూకు రెండవ అధికార భాషగా గుర్తింపు లభించింది. ఆ గౌరవం చట్టంలో నిలిస్తే చాలదు, మన వ్రేళ్లలో కూడా నిలవాలి.

“అందరి చేతుల్లోనూ ఫోను ఉండగా కీబోర్డు ఎందుకు?” అనేవారున్నారు. ఫోనులో బొటనవ్రేలితో కుశలప్రశ్నలు నడుస్తాయి. దరఖాస్తు, ప్రాజెక్టు నివేదిక, కార్యాలయపు ఉత్తర ప్రత్యుత్తరాలు పదివ్రేళ్ల పని. ఉద్యోగంలో చేరిన మొదటి రోజున మన విద్యార్థి ముందు ఉండేది కీబోర్డే.

మరొక ఆక్షేపణ కొంత బలమైనది: వేగం పెరిగితే వివేకం తగ్గదా? తగ్గుతుంది, దానికి నేనే సాక్షిని. ఒక సదస్సు నిర్వాహకులకు ఉత్తరం వ్రాస్తూ, కొత్త పంక్తికి పోదామని పరధ్యానంలో కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కాను. “మాన్యులకు, తమరు పంపిన ఆహ్వానం అందినది, కాని” అన్నంతవరకే ఉత్తరం వెళ్లింది! ఆ ‘కాని’ తరువాత ఏమున్నదోనని వారెంత కలవరపడ్డారో! పంపిన ఉత్తరాన్ని జీమెయిలులో ముప్పది సెకండ్ల వరకు వెనుకకు తీసుకొనే వీలు ఏర్పరచుకోవచ్చునని తరువాత తెలిసింది. తప్పు మీటది కాదు, నేర్వకుండా వాడిన నాది. అందుకే అంటున్నాను, దీనిని క్రమంగా నేర్పాలి.

నేర్పవలసిన కారణం ఇంకొకటి. ఒకే మీట అన్నిచోట్లా ఒకే పని చేయదు. కంట్రోల్, ఆర్ కలిపి నొక్కితే అవుట్‌లుక్‌లో జవాబు తెరుచుకుంటుంది; బ్రౌజరులో ఆ జంట పుటను మళ్లీ మొదటినుండి తెప్పిస్తుంది. జీమెయిలు ‘కె’ను ఉత్తరం మార్చడానికి వాడుకుంటే, ఎన్.వి.డి.ఎ. దానినే తరువాతి లింకు దగ్గరకు పోవడానికి వాడుకుంటుంది. ఎప్పుడు ఏది వర్తిస్తుందో చెప్పే గురువు లేకపోతే చూపు లేని విద్యార్థి ఎంత అవస్థ పడాలి!

పూర్వం టైపు ఇన్‌స్టిట్యూట్లలో ‘ఎ ఎస్ డి ఎఫ్’ అంటూ నెలల తరబడి సాధన చేయించి లోయరు, హయ్యరు పరీక్షలకు పంపేవారు. ఉర్దూ కాతిబులు ఒక్కొక్క అక్షరాన్ని రోజుల తరబడి ‘మష్క్’ చేసేవారు. 1927లో మద్రాసులో ప్రారంభమైన ‘ది ముసల్మాన్’ పత్రిక దశాబ్దాలపాటు అటువంటి కాతిబుల చేతివ్రాతతోనే వెలువడింది. చేతికి విద్య నేర్పడం మన ఉభయ సంప్రదాయాలలోనూ ఉన్నదే. కంప్యూటరు వచ్చాక దానిని ఎందుకు మరిచాము?

కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపాలు మూడు. వారానికి ఒక గంట అన్ని శాఖల విద్యార్థులకూ కీబోర్డు అభ్యాసానికి కేటాయించాలి. ముఖ్యమైన మీటల పట్టికను తెలుగులోను, ఉర్దూలోను వ్రాయించి కంప్యూటరు గది గోడకు తగిలించాలి. ప్రతి యంత్రంలోనూ ఎన్.వి.డి.ఎ.ను ముందుగానే సిద్ధంగా ఉంచాలి; చూపు లేని విద్యార్థి తన సాధనాన్ని తానే జేబులో మోసుకొని రావలసిన అవసరం ఉండరాదు. విద్యాసంస్థలు దివ్యాంగులను తోటివారితో కలిపి చదివించాలని 2016 నాటి చట్టం చెబుతున్నది. పై మూడింటిలో ఖర్చుతో కూడినది ఒక్కటీ లేదు, కావలసింది శ్రద్ధ.

విద్యార్థులారా! మన పాకాల జంక్షనులో కాట్పాడి, తిరుపతి, ధర్మవరం దారులు కలుస్తాయి. పట్టాల దగ్గర పాయింటు కొద్దిగా కదిలితే చాలు, బండి వేరొక ఊరికి పోతుంది. పాయింటు మార్చడం నేర్చినవాడు అడ్డదారి తొక్కినట్లు కాదు, దారి తెలిసినవాడన్నమాట. మీ వ్రేళ్ల కింద ఉన్న మీటలను కూడా అలాగే తెలుసుకోండి. వాటిని మనకంటె ముందే నేర్చుకొని, మౌసు తాకకుండా తన ఉత్తరం తానే పంపుకున్న తోటి విద్యార్థి మీ తరగతిలోనే ఉన్నాడు. సిగ్గుపడకుండా వెళ్లి అతనిని అడగండి. నేను అతని దగ్గరే నేర్చుకున్నాను.