చర్చిలో ఉన్న ఓటు చర్చి కళాశాలలో ఎందుకు లేదు?

2025 మే 7, 8 తేదీల్లో వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్‌లో 133 మంది కార్డినల్స్ కొత్త పోప్‌ను ఎన్నుకున్నారు. వారిలో ఒకరు మనవారు. నంద్యాల ప్రాంతంలోని చిందుకూరులో పుట్టి, కర్నూలు బిషప్‌గా పనిచేసి, హైదరాబాద్ ఆర్చ్‌బిషప్ అయిన పూల ఆంథోనీ. కాగితం మీద పేరు రాసి, మడిచి, అందరూ చూస్తుండగా పాత్రలో వేశారు. ఎవరు ఎవరికి వేశారో బయటికి చెప్పకూడదు. అంత పెద్ద మతసంస్థ తన అధిపతిని ఎంచుకునే తీరు అది: రహస్య ఓటు.

క్రైస్తవ సంఘాల్లో ఇది ఒక్క పోప్ దగ్గరే ఆగే పద్ధతి కాదు. విజయవాడలో ఆంధ్రా లయోలా కళాశాల నడుపుతున్న జెస్యూట్ సభకు అధిపతి ఎలా వస్తారో చూడండి. 2016 అక్టోబరులో ప్రపంచం నలుమూలల నుంచి రోమ్ చేరిన రెండు వందల మందికి పైగా ప్రతినిధులు ఓటు వేసి ఆర్టూరో సోసాను ఎన్నుకున్నారు. మహిళా కళాశాలలు నడిపే సిస్టర్ల సభలు కూడా కొన్నేళ్లకోసారి జనరల్ చాప్టర్ జరిపి తమ సుపీరియర్‌ను ఓటుతోనే నిర్ణయించుకుంటాయి. లూథరన్, సీఎస్‌ఐ సంఘాల్లోనైతే పాస్టరేట్ కమిటీ ఎన్నికలు ఎంత పట్టుదలగా జరుగుతాయో కోస్తా జిల్లాల్లో పుట్టినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

ఈ సంస్థలే నడిపే చిన్న కళాశాలలు చాలావాటిలో విద్యార్థి మండలిని మాత్రం నామినేషన్ మీద వేస్తారు. విద్యా సంవత్సరం మొదలైన నెలకో రెండు నెలలకో ప్రిన్సిపల్ గదిలో నలుగురైదుగురు అధ్యాపకులు కూర్చుంటారు. మార్కులు, హాజరు, నడవడిక చూస్తారు. అధ్యక్షుడు, కార్యదర్శి, కల్చరల్ సెక్రటరీ, స్పోర్ట్స్ సెక్రటరీ పేర్లు ఖరారవుతాయి. తర్వాత ఇన్వెస్టిచర్ వేడుక. భుజాన శాష్, గుండె మీద బ్యాడ్జి, చేతిలో కొవ్వొత్తి, ప్రార్థన, ప్రతిజ్ఞ. చూడముచ్చటగా ఉంటుంది. ఆ పిల్లల ముఖాల్లో కనిపించే గర్వం నిజమైనది, దాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు.

ఏడాది పొడవునా వాళ్లు చేసే పని కూడా తక్కువ కాదు. ఫ్రెషర్స్ డే, సెప్టెంబరు 5న గురుపూజోత్సవం, రక్తదాన శిబిరం, ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపు, డిసెంబరులో సెమీ క్రిస్మస్, చివర్లో కాలేజ్ డే. వేదిక అలంకరణ నుంచి భోజనాల లెక్క వరకూ అన్నీ నెత్తిన వేసుకుంటారు. పల్లె నుంచి వచ్చి, మొదటిసారి మైకు పట్టుకున్న అమ్మాయి ఏడాది తిరిగేసరికి ఐదు వందల మంది ముందు తడబడకుండా మాట్లాడగలుగుతుంది. ఇది చదువులో భాగమే.

కానీ హాస్టల్లో మూడు రోజులుగా నీళ్లు రావడం లేదని ఆ అమ్మాయి ఎవరికి చెప్పాలి? ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బు ప్రభుత్వం నుంచి రాలేదని, ఆ బకాయి కట్టేదాకా టీసీ, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వబోమంటే ఎవరి దగ్గరికి వెళ్లాలి? అనారోగ్యంతో హాజరు తగ్గి కాండొనేషన్ ఫీజు కట్టలేక పరీక్ష పోగొట్టుకునే కుర్రాడి తరఫున ఎవరు మాట్లాడాలి? మార్కులు, హాజరు చూసి ఎంపిక చేసిన మండలిలో ఈ కుర్రాడు ఎన్నటికీ ఉండడు. అతని కష్టం తెలిసినవాళ్లు కూడా ఉండకపోవచ్చు. నామినేషన్‌లో నాకు కనిపించే అసలు లోపం ఇదే. ఇబ్బంది పడని పిల్లలను ఏరి, ఇబ్బంది పడేవాళ్లకు ప్రతినిధులని పేరు పెడుతున్నాం. పైగా పదవి ఇచ్చిన ప్రిన్సిపల్‌ను ప్రశ్నించడం ఆ వయసు పిల్లలకు కృతఘ్నతలా తోస్తుంది. ఓటు వేసి గెలిపించిన తోటివాళ్లు వెనక ఉంటే ఆ ప్రశ్న వాళ్ల బాధ్యత అవుతుంది.

చిన్న పట్టణాల మిషన్ కళాశాలల్లో ఈ ప్రతినిధిత్వం మరీ ముఖ్యం. అక్కడ చదివేవాళ్లలో చాలామంది ఇంట్లో మొదటిసారి కళాశాల గడప తొక్కినవాళ్లు. దళిత కుటుంబం నుంచి వచ్చినా, క్రైస్తవం తీసుకున్నందుకు చట్టం దృష్టిలో బీసీ-సీ అయినవాళ్లు ఎందరో. వాళ్ల ఉపకార వేతనాల సంగతి, కుల ధ్రువీకరణ చిక్కులు ఆఫీసు గుమాస్తాకు అర్థమయ్యేలా చెప్పగల తల్లిదండ్రులు అందరికీ ఉండరు. రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం తెలంగాణలో ప్రైవేటు కళాశాలల యాజమాన్యాలు 2024లో, 2025లో బంద్ పాటించాయి. యాజమాన్యాలకు సంఘం ఉంది, అధ్యాపకులకు సంఘం ఉంది. ఏ డబ్బు గురించి ఇంత గొడవో ఆ డబ్బు ఎవరి పేరున వస్తుందో ఆ పిల్లలకు మాత్రం చర్చల్లో కుర్చీ లేదు.

ఓటు ఎలా పోయిందో గుర్తు చేసుకోవాలి. 1972 ఏప్రిల్ 14న ఉస్మానియాలో విద్యార్థి నాయకుడు జార్జి రెడ్డి హత్య తెలుగు క్యాంపస్‌లను కుదిపేసింది. ఆ తర్వాతి ఏళ్లలో ఎన్నికలంటే కొట్లాటలనే భయం తల్లిదండ్రుల్లో నాటుకుంది. 1980ల చివర్లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కళాశాలల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆపేసింది. ఇంచుమించు అదే కాలంలో, 1989 మార్చిలో, రాజ్యాంగ 61వ సవరణ అమల్లోకి వచ్చి ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గింది. అంటే శాసనసభకు ఎవరిని పంపాలో తేల్చగల వయసు వచ్చిందని దేశం ఒప్పుకున్న సమయంలోనే, కళాశాల కార్యదర్శిని ఎంచుకునే హక్కు ఆ పిల్లలకు పోయింది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం లాంటి చోట్ల తప్ప, మూడున్నర దశాబ్దాలుగా మన పిల్లలు డిగ్రీ చేతపట్టుకుని వెళ్తున్నారు, బ్యాలెట్ పెట్టె చూడకుండానే.

హింస భయం అబద్ధం కాదు. దానికి మందు కూడా ఎప్పుడో దొరికింది. కేరళలో ప్రిన్సిపళ్ల మండలికీ, విశ్వవిద్యాలయానికీ మధ్య ఎన్నికల పద్ధతి మీద వచ్చిన వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ కేసులోనే మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ జె.ఎం. లింగ్డో అధ్యక్షతన కమిటీ ఏర్పడింది. దాని సిఫార్సులను అమలు చేయాలని 2006 సెప్టెంబరు 22న కోర్టు ఆదేశించింది. అవి చదివితే ఎక్కువ భాగం చిన్న కళాశాలను దృష్టిలో పెట్టుకుని రాశారేమో అనిపిస్తుంది. ఖర్చు ఐదు వేల రూపాయలకు మించకూడదు. అచ్చు పోస్టర్లు కూడదు, చేతితో రాసినవే ఉండాలి. పోటీ చేసేవాళ్లకు 75 శాతం హాజరు ఉండాలి, తప్పిన సబ్జెక్టులు ఉండకూడదు. రాజకీయ పార్టీల జోక్యం ఉండకూడదు. నామినేషన్ పత్రాల దాఖలు నుంచి ఫలితం దాకా మొత్తం పది రోజుల్లో ముగిసిపోవాలి. విద్యార్థులు తక్కువగా ఉన్న చోట నేరుగా ఎన్నిక పెట్టుకోవచ్చు. పరిస్థితి బొత్తిగా అనుకూలించని చోట నామినేషన్‌కు కమిటీ వీలు ఇచ్చింది కానీ, దాన్ని తాత్కాలికంగానే చూసింది. ఆరేడు వందల మంది పిల్లలు, ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకునే ఆవరణలో పరిస్థితి అనుకూలించడం లేదని ఇన్నేళ్లుగా అనడం సబబు కాదు.

హాజరు షరతు వల్ల నేను పైన చెప్పిన కుర్రాడు ఇక్కడా పోటీ చేయలేడు, నిజమే. కానీ ఓటు వేస్తాడు. ఆ ఓటు కోసం ఎవరో ఒకరు అతని దగ్గరికి వచ్చి ఏం కావాలని అడుగుతారు. ఆ తేడా చాలా పెద్దది.

యాజమాన్యాలు రాజ్యాంగ 30వ అధికరణ గుర్తు చేస్తాయి. మైనారిటీలు తమ విద్యాసంస్థలను తామే నడుపుకునే హక్కు అది. ఆ హక్కు పట్ల నాకు గౌరవం ఉంది, అది ఉండాలనే కోరుకుంటాను. 2002లో టీఎంఏ పాయ్ కేసులో పదకొండు మంది న్యాయమూర్తుల ధర్మాసనం కూడా దాన్ని నిలబెట్టింది. 2003లో కేరళలోని పాలా సెయింట్ థామస్ కళాశాల విషయంలో అక్కడి హైకోర్టు, క్యాంపస్‌లో పార్టీ రాజకీయాలను నిషేధించే అధికారం కళాశాలకు ఉందని తేల్చింది. సరే, పార్టీ జెండాలు గేటు బయటే ఉండనివ్వండి. కానీ హాస్టల్ నీళ్లకు ఏ పార్టీ రంగూ లేదు. నడిపే హక్కంటే సరిగ్గా నడపని హక్కు కాదని సుప్రీంకోర్టు 1958లో కేరళ విద్యా బిల్లు మీద ఇచ్చిన అభిప్రాయంలోనే చెప్పింది.

మాట్లాడే దారి చాలనప్పుడు ఏమవుతుందో మనం చూశాం. 2019 సెప్టెంబరులో బేగంపేట సెయింట్ ఫ్రాన్సిస్ మహిళా కళాశాలలో కుర్తీ మోకాళ్ల కిందికి ఉండాలన్న నిబంధన మీద విద్యార్థినులు ఆందోళనకు దిగారు. గేటు దగ్గర కుర్తీల పొడవు చూస్తున్న వీడియో దేశమంతా తిరిగింది. యాజమాన్యం నిబంధనను వెనక్కి తీసుకుంది, ఆ నిర్ణయాన్ని మెచ్చుకోవాలి. ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్‌లో 2015లో ఒక విద్యార్థిని ఆన్‌లైన్ పత్రిక వ్యవహారంలో సస్పెండ్ చేస్తే ఢిల్లీ హైకోర్టు దాన్ని నిలిపివేసింది. ఆంధ్రప్రదేశ్‌లో ఎయిడెడ్ కళాశాలలను ప్రభుత్వం ఎయిడ్ వదులుకోమన్నప్పుడు, ఫీజులు ఎంత పెరుగుతాయో తెలియక హడలిపోయిన పిల్లలు 2021 నవంబరు 8న అనంతపురం ఎస్‌ఎస్‌బీఎన్ కళాశాల ముందు లాఠీ దెబ్బలు తిన్నారు. ఆ కళాశాల చర్చిది కాకపోయినా ఆ ఉత్తర్వు మిషన్ కళాశాలలన్నిటి మీదా పడింది. తర్వాత ప్రభుత్వం మెట్టు దిగి, ఇచ్చిన సమ్మతిని యాజమాన్యాలు వెనక్కి తీసుకునే వీలు కల్పించింది. ఎయిడ్ వదులుకోవాలా వద్దా అని ఆలోచించిన బల్ల దగ్గర ఫీజు కట్టాల్సిన పిల్లల్లో ఒక్కరు ఉన్నా ఆ భయం వీధి దాకా వచ్చేది కాదని నా నమ్మకం.

యూజీసీ నిబంధనల్లోనూ ఒక విచిత్రం ఉంది. 2023 నాటి ఫిర్యాదుల పరిష్కార నిబంధనలు కమిటీలో ఒక విద్యార్థిని ప్రత్యేక ఆహ్వానితుడిగా పెట్టమంటాయి. అతన్ని చదువులోనో ఆటల్లోనో ప్రతిభ చూసి నామినేట్ చేయాలి. మళ్లీ అదే తంతు. 2015 నాటి లైంగిక వేధింపుల నిరోధక నిబంధనలు మాత్రం, ఫిర్యాదులో విద్యార్థులు ఉన్నప్పుడు అంతర్గత కమిటీలో కూర్చునే ముగ్గురు విద్యార్థులు పారదర్శకంగా, ప్రజాస్వామ్య పద్ధతిలో ఎన్నిక కావాలని స్పష్టంగా అంటాయి. అంటే ఒక ఎన్నిక ఎలాగూ చట్టప్రకారం జరపాల్సిందే. దాన్ని కాగితం మీద జరిపినట్టు చూపించకుండా నిజంగా జరిపితే, అదే రోజు, అదే పెట్టెతో విద్యార్థి మండలిని కూడా ఎన్నుకోవచ్చు.

ఎన్నుకుని వదిలేస్తే సరిపోదు. స్పెషల్ ఫీజు పేరిట పిల్లల దగ్గర వసూలు చేసే డబ్బులో ఆటలకు ఎంత, పత్రికకు ఎంత, సాంస్కృతిక కార్యక్రమాలకు ఎంత పోయిందో మండలికి లెక్క చూపాలి. నెలకోసారి ప్రిన్సిపల్, కరస్పాండెంట్, వార్డెన్ ఎదురుగా కూర్చోవాలి. ఏం అడిగారో, ఏం చెప్పారో మినిట్స్ రాసి నోటీసు బోర్డులో పెట్టాలి. ఫిర్యాదు అందిన పదిహేను పని దినాల్లో నివేదిక ఇవ్వాలని యూజీసీ ఎలాగూ చెప్పింది, ఆ గడువును మండలి అడిగే ప్రతి ప్రశ్నకూ వర్తింపజేయాలి. కుదరదనేది కూడా జవాబే. ఎందుకు కుదరదో రాతపూర్వకంగా చెబితే పిల్లలు అర్థం చేసుకుంటారు. టీటీడీ కళాశాలలకూ, ముస్లిం మైనారిటీ కళాశాలలకూ నేను చెప్పేది ఇదే.

క్రైస్తవ కళాశాలల గురించే ఇంతగా రాయడానికి కారణం వాటి మీద ఉన్న గౌరవమే. 1843లో మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ పెట్టిన బడి నోబుల్ కళాశాల అయింది. లూథరన్లు గుంటూరులో 1885లో కళాశాల తెరిచారు. సనాతన ధర్మం మీద గాఢమైన నమ్మకం ఉన్న విశ్వనాథ సత్యనారాయణ ఆ నోబుల్ కళాశాలలో చదివారు, గుంటూరు ఆంధ్రా క్రిస్టియన్ కళాశాలలో పాఠం చెప్పారు. తమ మతాన్ని ఒప్పుకోని మనిషికి బోధన పీఠం ఇవ్వగల విశాలత ఆ సంస్థలకు అప్పుడే ఉంది. తమ దగ్గర చదివే పిల్లలు తమతో విభేదించడాన్ని భరించడం అంతకంటే కష్టం కాదు.

ఫాదర్లకు, సిస్టర్లకు, కరస్పాండెంట్లకు నా విన్నపం ఒక్కటే. కళాశాలలు తెరిచిన ఆరు నుంచి ఎనిమిది వారాల లోపు ఎన్నిక జరపాలని లింగ్డో కమిటీ చెప్పింది. ఈ ఏడాది క్యాలెండర్లో ఇన్వెస్టిచర్ తేదీ వేసేముందు పోలింగ్ తేదీ వేయండి. మీ సభల్లో మీరు ఎలా ఓటు వేస్తారో అదే పద్ధతిని పిల్లలకు నేర్పండి.